సరుకుల బిల్లు తగ్గిన నెల నిజంగా ఆదా అయిన నెలేనా?

ఒక నెలంతా ఇంట్లో ఉన్నవాటితోనే వండి సరుకుల బిల్లు సగానికి తెచ్చానని నాతో పనిచేసే ఒకమ్మాయి ఈమధ్య చాలా సంబరంగా చెప్పింది. పాలు, గుడ్లు, కూరగాయలు తప్ప ఇంకేమీ కొనలేదట. అరలన్నీ ఖాళీ చేసి శుభ్రంగా తుడిచి ఫొటో కూడా తీసి చూపించింది. మరుసటి నెల మాత్రం ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది. "ఈసారి బిల్లు మామూలు కంటే ఎక్కువొచ్చింది అక్కా, ఒక్క నెలకే చేతులెత్తేశాను" అంది.

నాకు ఆ మాట దగ్గర ఆలోచన ఆగిపోయింది. ఆమె చేతులెత్తేయలేదు. బియ్యం డబ్బా ఖాళీ అయింది కాబట్టి మళ్ళీ నింపింది, నూనె నిండుకుంది కాబట్టి మళ్ళీ తెచ్చింది, అంతే. మొదటి నెల బిల్లు తగ్గడానికీ రెండో నెల పెరగడానికీ కారణం ఒకటే: అంతకుముందెప్పుడో డబ్బు పెట్టి కొనిపెట్టుకున్న సరుకును మొదటి నెలలో తినేశారు. ఆ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది. దాన్ని ఈ నెల ఆదాగా రాసుకుంటే వచ్చే నెల అదే మొత్తం నష్టంగా కనపడి తీరుతుంది. ఇలా ఒకటి రెండు సార్లు ప్రయత్నించి, లాభం లేదని వదిలేసిన ఇళ్ళు నాకు బాగా తెలుసు.

ఇంట్లో ఉన్నవాటితో సరిపెట్టుకోవడం వల్ల డబ్బు మిగలదని నేననడం లేదు. మిగులుతుంది, అదీ ఏళ్ళ తరబడి. కానీ అది వచ్చే దారి వేరు. సరుకు అయిపోయేదాకా కొనకుండా బిగబట్టుకు కూర్చోవడంలో అది లేదు. ఏం వండాలో, ఏం కొనాలో నిర్ణయించే వరస తిరగేయడంలో ఉంది. ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలామంది తమ వల్ల కాదనుకుని నిరుత్సాహపడుతున్నారని నా గట్టి నమ్మకం.

బిల్లులో కనపడని లెక్క

ఒక్కసారి కాగితం మీద పెట్టి చూద్దాం. నెల మొదట్లో ఇంట్లో ఉన్న సరుకు, దానికి తోడు ఆ నెల కొన్న సరుకు. ఈ రెండూ కలిపి చివరికి మూడు చోట్లకే వెళ్ళగలవు: కడుపులోకి, చెత్తబుట్టలోకి, లేదా వచ్చే నెలకు మిగులుగా అరలోకి. ఏడాది మొత్తం మీద చూస్తే అరలో మిగిలేది కాస్త అటూ ఇటూగా ఒకేలా ఉంటుంది. అంటే మనం కొన్నది మన తిండికీ మన పారబోతకీ సరిపోయింది. ఇంట్లోవాళ్ళ ఆకలి మారదు కాబట్టి, వాళ్ళ కడుపు మాడ్చకుండా బిల్లు తగ్గాలంటే తగ్గాల్సింది ఆ పారబోతే.

నిజానికి డబ్బు పోయే దారి ఇంకోటి కూడా ఉంది. ఇంట్లో ఏమీ లేదనుకుని బయటినుంచి తెప్పించుకునే భోజనం. అది సరుకుల బిల్లులో రాదు, వేరే ఖర్చులో కలిసిపోతుంది. డబ్బాల నిండా బియ్యం, పప్పులు, గోధుమపిండి పెట్టుకుని వారానికి రెండు మూడు పూటలు బయట భోజనం తెప్పించుకోవడం చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టే. కొందరి ఇళ్ళల్లో అసలు చిల్లు ఇక్కడే ఉంటుంది, వాళ్ళేమో పప్పు కిలోకి ఎంత తక్కువకు దొరుకుతుందా అని దుకాణాలు మారుస్తుంటారు.

పారబోత అంత పెద్ద సంగతా అని అడిగేవాళ్ళున్నారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా దుకాణాలు, హోటళ్ళు, ఇళ్ళు కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. వినియోగదారులకు అందుబాటులోకి వచ్చిన ఆహారంలో ఇది 19 శాతం. అందులో హోటళ్ళ వాటా ఎక్కువ ఉంటుందని నేననుకునేదాన్ని. కాదు, 60 శాతం, అంటే 63.1 కోట్ల టన్నులు, ఇళ్ళనుంచే వస్తోంది. మనిషికి ఏడాదికి సగటున 79 కిలోలు. నలుగురున్న ఇంటికి లెక్కేస్తే వారానికి ఆరు కిలోలు.

ఈ అంకె చూసి బెదిరిపోనక్కర్లేదు, ఎందుకంటే అందులో తొక్కలు, ఎముకలు, గింజలు లాంటి తినడానికి పనికిరానివి కూడా కలిసి ఉన్నాయి. అరటితొక్క పారేసినందుకు ఎవరూ బాధపడాల్సిన పని లేదు. అలా అన్నీ తీసేసినా మిగిలేది తక్కువేం కాదు. అందులో ఒక్కో గుప్పెడు ఏ బిల్లులోనూ కనపడదు, కొన్నప్పుడు అది సరుకు పేరుతో నమోదైపోయి ఉంటుంది కాబట్టి. కుళ్ళిన కీరదోసకాయకు రసీదు రాదు. అందుకే డబ్బు ఎక్కడ పోతోందని బిల్లులు ముందేసుకుని ఎంత వెతికినా దొరకదు. చెత్తబుట్ట వైపు చూడాలి.

"ఇంట్లో తినడానికేం లేదు"

మా ఇంట్లో ఈ మాట ఎప్పుడు వినపడినా నేను వెళ్ళి అరలు చూస్తాను. బియ్యం ఉంటుంది, రెండు మూడు రకాల పప్పులుంటాయి, బంగాళదుంపలుంటాయి, ఉల్లిపాయలుంటాయి, గుడ్లుంటాయి. అయినా ఆ మాట అబద్ధం కాదు. తినాలనుకున్నది లేదు, లేదా వెంటనే తినగలిగింది లేదు. మా పెద్దవాడు సాయంత్రం ఫ్రిజ్ తలుపు తెరిచి కాసేపు అలాగే నిలబడి, మళ్ళీ వేసేసి, "అమ్మా, ఏమీ లేదు" అంటాడు. వాడి కళ్ళముందే ఉడకబెట్టిన బంగాళదుంపలు గిన్నెలో మూతపెట్టి ఉన్నాయి. మూత తీసి, నాలుగు ముక్కలు కోసి, ఉప్పూ మిరియాలూ వేసి పెనం మీద కాస్త వేయించి ఇస్తే అవే దుంపలు నిమిషాల్లో అయిపోయాయి. మూత పెట్టిన గిన్నెలో ఉన్నంతసేపూ అది వాడి దృష్టిలో తిండి కాదు.

పెద్దవాళ్ళం చేసేదీ ఇదే, కాస్త ఖరీదైన పద్ధతిలో. ముందు వంటకం అనుకుంటాం. దానికి కావలసినవి చూస్తాం. ఒకటో రెండో ఉండవు. ఆ ఒక్కదానికోసం దుకాణానికి వెళ్తాం, వెళ్ళినవాళ్ళం ఒక్కటే పట్టుకుని ఎవరం రాము. ఇంటికి తెచ్చిన కొత్త కూరగాయలు ఫ్రిజ్‌లో పైన సర్దితే పాతవి అడుక్కి పోతాయి. అనుకున్న వంటకం వండుకుని తృప్తిగా తింటాం, అడుక్కి పోయినవి వారాంతానికి మెత్తబడి బయటకొస్తాయి. ఇందులో అత్యాశ గానీ, దుబారా గానీ ఏమీ లేదు. చక్కగా ప్లాన్ చేసుకుని వంట చేసే మనిషి ఇంట్లోనే ఇది ఎక్కువ జరుగుతుంది, ఎందుకంటే ఆ ప్లాన్ మొదలయ్యేది వంటకం దగ్గర.

వరస తిరగేయడమంటే ఇదే: ముందు ఏది త్వరగా పాడయ్యేలా ఉందో చూడాలి, దాంతో ఏం చేయొచ్చో తర్వాత ఆలోచించాలి, ఆ చేసేదానికి తప్పనిసరిగా ఏం తక్కువైందో అది మాత్రం చీటీ మీద రాసుకోవాలి. పాలకూర వాడుతోంది, రెండు గుడ్లున్నాయి, నిన్నటి అన్నం కాస్త ఉంది. ఈ మూడింటికీ ఏ వంటల పుస్తకంలోనూ పేరు ఉండకపోవచ్చు, అయినా ముగ్గురికి రాత్రి భోజనం అవుతుంది. వంటకాన్ని కచ్చితంగా అనుకున్నట్టే చేయాలనే పట్టుదల వదులుకోవడమే ఇందులో కష్టమైన భాగం. బాగా వండగలిగినవాళ్ళకు ఈ కష్టం మరీ ఎక్కువ. క్యారెట్ బదులు గుమ్మడికాయ వేస్తే రుచి మారుతుందని వాళ్ళకు తెలుసు. మారనివ్వాలి.

అరలో ఉన్నదీ కదలకుండా కూర్చోదు

డబ్బాలో పోసినంత మాత్రాన సరుకు అలాగే ఉండిపోతుందని అనుకుంటాం. కూరగాయల సంగతి అందరికీ కళ్ళకు కనపడుతుంది కాబట్టి జాగ్రత్త పడతారు. పొడి సరుకు కూడా నెమ్మదిగా మారుతూనే ఉంటుంది. పాలిష్ పట్టిన తెల్లబియ్యం తడి తగలకుండా పురుగు పట్టకుండా చూసుకుంటే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ముడిబియ్యం అలా కాదు, దాని పైపొరలో నూనె ఉంటుంది, కొన్ని నెలలకే వాసన మారుతుంది. పొట్టుతో సహా ఆడించిన గోధుమపిండికీ అదే కారణం. మైదా కంటే ఇది ముందు పాడవుతుంది. ఆరోగ్యానికి మంచిదని ముడిధాన్యాలకు మారిన ఇళ్ళు పాత అలవాటు ప్రకారం పెద్ద పెద్ద బస్తాలు కొంటే నష్టపోయేది ఇక్కడే. జీడిపప్పు, బాదం, అక్రోట్ కూడా ఇంతే, ఫ్రీజర్‌లో పెడితే చాలాకాలం బాగుంటాయి, పొయ్యి పక్క అరలో పెడితే తొందరగా చేదెక్కుతాయి.

మా పై అరలో వెనకాల ఒకసారి శనగల పొట్లం దొరికింది. పురుగు లేదు, బూజు లేదు, వాసన లేదు. రంగు మాత్రం కాస్త ముదిరింది. రాత్రంతా నానబోశాను. పొద్దున్న చూస్తే సగం గింజలు ఉబ్బాయి, సగం గులకరాళ్ళలా అలాగే ఉన్నాయి. కుక్కర్‌లో మామూలుగా పెట్టే దానికంటే రెట్టింపు సేపు పెట్టినా వేలితో నొక్కితే లోపల పలుకు తగులుతూనే ఉంది. వేడిగా, తేమగా ఉండే చోట ఎక్కువకాలం నిలవుంటే పప్పుధాన్యాల లోపలి నిర్మాణం మారి, ఎంత ఉడికించినా మెత్తబడని స్థితికి వస్తాయి. నానబెట్టే నీళ్ళలో చిటికెడు వంటసోడా వేస్తే కొంత దారికొస్తాయి. ఆ శనగలు తినగలిగాం, కానీ వాటికి ఖర్చయిన గ్యాసుతో కొత్త శనగలు ఎన్నిసార్లు ఉడికేవో అనిపించింది. ఇంట్లో ఉంది కదా, ఊరికే వచ్చినట్టే కదా అనుకుంటాం. నిలవ ఉన్న ప్రతిదానికీ రోజురోజుకీ విలువ తగ్గుతూ ఉంటుంది, దాన్ని వాడటానికి పడే శ్రమ పెరుగుతూ ఉంటుంది. అందుకే ఉన్నది వాడుకోవడమంటే, ఉన్నది ఇంకా బాగున్నప్పుడే వాడుకోవడం.

ఇలాంటివే ఇంకో రెండు. బ్రెడ్‌ను ఫ్రిజ్‌లో పెడితే బూజు త్వరగా పట్టదు గానీ గది వేడిలో కంటే తొందరగా గట్టిపడుతుంది. తినలేనంత ఉంటే ఫ్రీజర్‌లో పెట్టి కావలసినప్పుడు రెండు ముక్కలు తీసి కాల్చుకోవడం మేలు. మాగుతున్న అరటిపళ్ళు, ఆపిల్స్ నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పక్కనున్న ఆకుకూరల్ని త్వరగా పండబారుస్తుంది, వాటిని వేరుగా పెట్టడానికి పైసా ఖర్చు కాదు.

ఎక్కువ కొంటే చవక కదా?

ఈ వాదన నేను కొట్టిపారేయలేను. పెద్ద పొట్లంలో కిలో ధర తక్కువ పడుతుంది, అది నిజం. నెలకు తప్పకుండా అయిపోయే బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, సబ్బుల విషయంలో పెద్ద పొట్లమే మంచిది, నేనూ అదే కొంటాను. కానీ చవకగా పడిన ధర తిన్న భాగానికే వర్తిస్తుంది. ఐదో వంతు చవకగా వచ్చిందని తెచ్చిన దాంట్లో నాలుగో వంతు పారేస్తే చిన్న పొట్లం కొన్నవాళ్ళకంటే మనకే ఖరీదు ఎక్కువ పడింది. లెక్క వేసి చూడండి: 100 విలువ చేసే సరుకు 80కి వచ్చింది, తిన్నది 75కి సరిపడా. అదే చిన్న పొట్లాల్లో 75 పెట్టి కొనుక్కుని అంతా తినేవాళ్ళం. ఎప్పుడో ఒకసారి వాడే మసాలాలు, సాస్‌లు, కొత్త రకం ధాన్యాలు పెద్దవి కొనడం దాదాపు ఎప్పుడూ నష్టమే.

ఇక రెండో ప్రశ్న నన్ను చాలాకాలం సతాయించింది. అరలు ఖాళీగా ఉంచుకోవడమే గొప్ప అనే ధోరణి ఒకటి ఈమధ్య బాగా వినపడుతోంది. నాకది నచ్చదు. ఆదాయం నెలనెలా ఒకేలా రాని ఇంట్లో నిండు బియ్యం డబ్బా ఇచ్చే ధైర్యం బ్యాంకు ఖాతాలో అంకె కంటే ఎక్కువ. ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, వర్షాలకు బయటికి వెళ్ళలేనప్పుడు, జీతం ఆలస్యమైనప్పుడు ఆ నిలవే ఇంటిని నడుపుతుంది. కాబట్టి సరుకు నిలవ పెట్టడాన్ని దురలవాటుగా చూడకూడదు. ఇల్లు క్రమం తప్పకుండా తినేది నిలవ ఉంటే అది భద్రత. ఎప్పుడూ తిననిది నిలవ ఉంటే అది చోటు దండగ. అర ఎంత నిండుగా ఉందన్నది అసలు ప్రశ్నే కాదు, అందులో ఉన్నది తిరుగుతోందా లేదా అన్నదే ప్రశ్న. కొత్తది వెనక్కి, పాతది ముందుకి. దుకాణాలవాళ్ళు అరలు సర్దేదీ ఇలాగే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. జర్మనీకి చెందిన గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే గమనించాడు: కుటుంబం ఎంత పేదదైతే దాని ఖర్చులో తిండి వాటా అంత ఎక్కువ. అంటే సరుకుల బిల్లు తగ్గాల్సిన అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్న ఇంట్లో, తగ్గించడానికి అరలో మిగులు అందరికంటే తక్కువగా ఉంటుంది. రోజు కూలితో రోజుకి సరిపడా కొనుక్కునే ఇంట్లో పారబోత ఉండదు, మూలనపడ్డ శనగల పొట్లం ఉండదు. వాళ్ళ దగ్గరికెళ్ళి ఇంట్లో ఉన్నవాటితో సర్దుకోండి అని చెప్పడం క్రూరత్వం. నేను రాస్తున్నదంతా మిగులు ఉన్న ఇళ్ళ గురించే, నాలాంటి ఇళ్ళ గురించే. పొదుపు సలహాలు ఇచ్చేవాళ్ళు ఈ ఒక్క వాక్యం ముందే చెప్పేస్తే ఎంతో మర్యాదగా ఉంటుంది.

పొదుపు పేరుతో చేయకూడనివి

పాడైంది తినడం పొదుపు కాదు. దీని మీద నేను ఎవరితోనూ రాజీపడను, ఎందుకంటే ఒక్కసారి ఆసుపత్రికి వెళ్ళామంటే నెలల ఆదా అక్కడే పోతుంది, పిల్లలకైతే డబ్బు సంగతి పక్కన పెట్టి ప్రాణం మీదికే రావచ్చు. వండినది రెండు గంటలకు మించి గది వేడిలో వదిలేయొద్దని, ఫ్రిజ్ 5 డిగ్రీలలోపు ఉండాలని, మళ్ళీ వేడిచేసేటప్పుడు లోపలిదాకా కనీసం 70 డిగ్రీలకు చేరాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మిగిలిన అన్నం విషయంలో మరీ జాగ్రత్త. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం బయట గంటల తరబడి ఉంటే అవి పెరిగి ఒక రకం విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. రాత్రి మిగిలినది పొద్దున్న వాడుకోవాలనుకుంటే ఆ నిర్ణయం రాత్రి భోజనం అయిన వెంటనే తీసుకోవాలి. వెడల్పాటి గిన్నెలో పల్చగా పరిచి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టేయాలి. పొద్దున్న లేచి, గట్టుమీద ఉన్న గిన్నె మూత తీసి వాసన చూసి తీసుకునే నిర్ణయం కాదది.

బూజు పట్టిన వేరుశనగలు, మొక్కజొన్నలు ఎంత వేయించినా పనికిరావు, వాటిలో ఉండగల అఫ్లటాక్సిన్ మామూలు వంట వేడికి పోదు. ఎర్ర రాజ్మా గింజల్ని సరిగ్గా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, బాగా మరిగించి ఉడికించకపోతే కడుపులో తిప్పుతుంది. ఆకుపచ్చగా మారిన బంగాళదుంప చేదుగా ఉంటే పారేయడమే.

మరోవైపు, పొట్లం మీద తేదీ దాటిందని గబుక్కున పారేసేవాళ్ళూ ఉన్నారు. పొట్లాల మీద రెండు రకాల తేదీలుంటాయి. ఫలానా రోజులోపు వాడెయ్యాలి, ఆ తర్వాత వాడకూడదు అనేది భద్రతకు సంబంధించింది, అది దాటితే తినకూడదు. ఫలానా రోజువరకు బాగుంటుంది అనేది నాణ్యతకు సంబంధించింది. ఆ తేదీ దాటిన మర్నాడే బిస్కెట్లు విషమైపోవు, కాస్త మెత్తబడి ఉండొచ్చు. జీలకర్ర, మిరియాల్లాంటివి పాతబడితే వాసన తగ్గుతుంది తప్ప హాని చేయవు, ఇంకాస్త ఎక్కువ వేసుకుంటే సరి. ఈ రెండు తేదీల తేడా ఇంట్లో అందరికీ తెలిస్తే చాలా సరుకు చెత్తబుట్ట దాకా వెళ్ళదు.

ఈ లెక్క ఎవరి బుర్రలో ఉంటుంది?

ఇక్కడికొచ్చేసరికి నాకు కాస్త కోపం వస్తుంది. ఇంట్లో ఏముందో చూసి వండుకోండి అని చెప్పడం తేలిక. చూడాల్సింది ఎవరు? సగం కోసిన ఉల్లిపాయ ఫ్రిజ్‌లో ఏ మూల ఉందో, పెరుగు ఎన్నాళ్ళదో, పిండి ఇంకెన్ని పూటలకు వస్తుందో, ఇవన్నీ గుర్తుపెట్టుకునే మనిషి చాలా ఇళ్ళల్లో ఒక్కరే ఉంటారు, ఎక్కువగా ఆ ఇంటి ఆడమనిషి. అందరూ కలిసి పొదుపు చేద్దాం అని తీర్మానించిన రోజు పెరిగేది ఆ ఒక్కరి పనే. డబ్బు ఇంటందరికీ మిగులుతుంది, టెన్షన్ ఒకరికి మిగులుతుంది.

ఒకసారి మావారు దారిలో ఆగి టమాటా సాస్ సీసా తెచ్చారు. ఇంట్లో అప్పటికే రెండున్నాయి. ఒకటి తెరిచి సగం అయింది, ఇంకోటి మూత కూడా తీయలేదు. "ఉన్నట్టు నాకెలా తెలుస్తుంది, నువ్వు చెప్పలేదుగా" అన్నారు. ఆయన తప్పు పట్టలేం, నిజంగానే తెలియదు. నేను చెప్పాల్సిందా? ప్రతి సీసా గురించీ? ఆ రోజు జరిగిన వాదన సాస్ గురించి కాదని ఇద్దరికీ తెలుసు. చివరికి ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాం. పైన "ముందు ఇవి" అని రాసి, త్వరగా వాడెయ్యాల్సినవి కింద రాస్తాం. ఎవరు ఏది తెరిస్తే వాళ్ళే రాయాలి, ఎవరు అయిపోగొడితే వాళ్ళే కొట్టెయ్యాలి. చిన్నది ఇంకా సరిగ్గా రాయలేదు కాబట్టి బొమ్మ వేస్తుంది. కొబ్బరికాయకీ బంగాళదుంపకీ బొమ్మలో తేడా ఉండదు, అడిగి తెలుసుకుంటాం.

ఆ కాగితం వల్ల బిల్లు తగ్గిందా అంటే తగ్గింది. నాకు అంతకంటే ముఖ్యమైంది వేరే ఉంది: వంటింటి లెక్క నా బుర్రలోంచి తలుపు మీదికొచ్చింది. మావారు వండే రాత్రి నన్ను ఏం వండమంటావు అని అడగరు, కాగితం చూసుకుంటారు. ఈ పద్ధతి పెట్టకముందు ఆయన వండిన రోజుల్లో కూడా ఏం వండాలో నేనే చెప్పేదాన్ని, ఎక్కడున్నాయో నేనే చూపించేదాన్ని. ఇంట్లో ఉన్నవాటితో వండటమనే పని ఒక్కరి జ్ఞాపకశక్తి మీద నడిచినంతకాలం ఆ మనిషి అలసిపోయిన వారం అంతా మొదటికొస్తుంది. నా అనుభవంలో ఈ ప్రయత్నాలు ఆగిపోవడానికి అసలు కారణం క్రమశిక్షణ లేకపోవడం కాదు, ఈ అలసటే.

పిల్లల సంగతి వేరే ఉంది, దాని మీద నాకింకా పూర్తి స్పష్టత లేదు. వరసగా రెండు పూటలు అదే కూర పెడితే మావాడు కంచం ముందు మూతి ముడుచుకుంటాడు. డబ్బు విలువ తెలియాలి కదా అని బలవంతం చేయాలా? వద్దనే అనుకుంటున్నాను. బలవంతంగా తిన్న తిండి వల్ల వాడికి పొదుపు మీద ఇష్టం కలగదు, ఆ కూర మీద జీవితాంతం అయిష్టం ఏర్పడుతుంది. కంచంలో తక్కువ వడ్డించి, కావాలంటే మళ్ళీ అడగమనడం వల్ల మిగులే తగ్గింది. వండేటప్పుడే పావు వంతు తక్కువ వండటం అలవాటు చేసుకున్నాం. ఎవరికైనా చాలకపోతే పండో, గుడ్డో, బ్రెడ్డో ఉంటుంది. చాలదేమోనన్న భయంతో ఎప్పుడూ కాస్త ఎక్కువ వండటం మనలో చాలామందికి ప్రేమను చూపించే పద్ధతి అని తెలుసు, దాన్ని తప్పు పట్టే మనసు కూడా నాకు లేదు. కానీ ఆ కాస్త ఎక్కువ రోజూ చెత్తబుట్టలోకి వెళ్తుంటే చూడటం నా వల్ల కావడం లేదు.

మిగిలిన డబ్బు

ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి ఒక్క నెల బిల్లు పనికిరాదని మొదట్లో చెప్పిన లెక్క వల్లే తేలుతుంది. కనీసం మూడు నాలుగు నెలల సగటు తీసుకోవాలి, అందులో బయటినుంచి తెప్పించుకున్న భోజనం కూడా కలపాలి, ధరలు పెరిగితే ఆ పెంపు తీసెయ్యాలి. అలా చూస్తే ఆదా మెల్లగా కనపడుతుంది. మొదటి నెల సగానికి సగం తగ్గినంత ఆకర్షణీయంగా ఉండదు. కొనడాన్ని కూడా మేం నెలంతా ఆపలేదు. మామూలుగా వెళ్ళే రోజు దాటి ఇంకో రెండు రోజులు ఆగి వెళ్తాం. ఆ రెండు రోజుల్లో అడుగున పడ్డ కూరగాయలన్నీ పైకొస్తాయి. ఫ్రిజ్ దాదాపు ఖాళీ అవుతుంది కాబట్టి తుడవడమూ సులువు, ఏం తక్కువైందో చీటీ రాయడమూ సులువు.

ఆ మిగిలిన డబ్బు ఎక్కడికి వెళ్ళాలో ముందే అనుకోకపోతే అది వేరే ఖర్చుల్లో కరిగిపోతుంది, ఇంత కష్టపడి ఏం లాభమన్న ప్రశ్న ఇంట్లో మొదలవుతుంది. మేం దాన్ని మళ్ళీ తిండికే పెడుతున్నాం. పిల్లలకు ఇష్టమైన పళ్ళు, ఇదివరకు ఖరీదని వెనకాడినవి, తక్కువ తక్కువగా తరచుగా తెస్తున్నాం. ఈ వారం ద్రాక్షపళ్ళు తెచ్చాం. తలుపు మీది కాగితంలో వాటి పేరు రాసే అవసరమే రాలేదు, సాయంత్రానికే అయిపోయాయి.